మూడో పిలుపు

మొన్న ఎండాకాలంలో ఒక కుర్రవాడు హైదరాబాదు నుంచి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మన వైపు షూటింగు జరుపుకున్న పాత సినిమాల వివరాలన్నీ పోగుచేస్తున్నాడట. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, "మేడమ్, చిన్నప్పుడు మీరొక కామెడీ సినిమాలో యాక్ట్ చేశారట కదా" అన్నాడు. ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని అదిలించి బతికినదాన్ని, ఆ పిల్లాడి ముందు తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను. ఎవరు చెప్పారయ్యా అంటే పినపాకలో ఎవరో పెద్దాయన చెప్పాడన్నాడు. జేబులోంచి ఫోను తీసి ఆ సీను నాకు చూపించబోయాడు. "అది నేను కాదేమో నాయనా, నాకేం గుర్తు లేదు" అని టీ పెట్టే వంకతో లోపలికి పోయాను. పాలు పొంగి పొయ్యి మీద పోతున్నా చూస్తూ నిలబడ్డాను.

అబద్ధమే చెప్పాను. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నావిడ పేరు మరిచిపోయే వయసు వచ్చింది గాని, ఆ నాలుగు రోజులు మాత్రం నన్ను వదలవు. ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరూ ఫోనులో వెతుకుతారు, చూసి నవ్వుతారు. నవ్వించడానికే తీసిన సినిమా, మీ తప్పేం లేదు. కరువులో ఉన్న చిన్న ఊరు, ఆ ఊళ్ళో తిక్క మనుషులు, వాళ్ళ తిప్పలు, అదీ కథ. ఆ తిక్క మనుషులం మేమే. మా ఊళ్ళో, మా మొహాల మీదే తీశారు.

మా ఊరు పినపాక దాటి అడవిలోకి పోయే బాట మీద ఉంటుంది. ఒక పక్క అడవి, ఇంకో పక్క కొంచెం దూరంలో గోదావరి. గోదావరి పక్కనే ఉండి కరువేమిటని ఆ కుర్రవాడిలాంటి వాళ్ళు అడుగుతారు. ఏరు పక్కనుంటే సరిపోతుందా, నీళ్ళు పొలంలోకి నడిచి రావు కదా! రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేశాయి. మా అమ్మ పొద్దున్నే లేచి ఇప్పపువ్వు ఉడకేసేది. ఆ వాసన తియ్యగా, మత్తుగా ఇల్లంతా కమ్ముకునేది. మొదటి వారం బాగానే ఉండేది, తరువాత ఆ వాసనకే కడుపులో తిప్పేది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, దంచి ఏదో ఒకటి చేసేది. ఏది చేసినా కంచాల ముందు కూర్చోబెట్టి ప్రార్థన మాత్రం తప్పనిచ్చేది కాదు. ఉన్నది గంజే అయినా ప్రార్థన పెళ్ళి భోజనానికి చేసినంత పొడుగ్గా చేసేది. కళ్ళు మూసుకుని నేనూ తమ్ముడూ ఆమేన్ కోసం ఎదురుచూసేవాళ్ళం.

మా నాయిన పేరు దేవసహాయం. ఊళ్ళో ఎవరూ అలా పిలవరు, మైకు దేవసహాయం అంటారు. టాకీసులో కొత్త సినిమా వస్తే రిక్షాకి బొమ్మలు కట్టి, మైకులో చెప్పుకుంటూ ఊరూరా తిరగడం ఆయన పని. సినిమాలే కాదు, మేక తప్పిపోయినా, మనిషి పోయినా ఆయనే చెప్పాలి. మేక తప్పిపోయిన సంగతి కూడా సినిమా చెప్పినట్టే చెప్పేవాడు. "నల్లమచ్చల మేక, మెడలో ఎర్రతాడు, నిన్న సాయంత్రం నుంచి మీ ముందుకు రాలేదు, రండి, వెతకండి!" అనేవాడు. కరువులో టికెట్టు కొనేవాళ్ళు లేక టాకీసు మూతబడింది. నాయినకు పని పోయింది. అయినా రోజూ పొద్దున్నే మైకును గుడ్డతో తుడిచి, కరెంటు లేకుండానే దాన్ని నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అనేవాడు. అమ్మ నెత్తి కొట్టుకునేది. "మనిషికి తిండి లేకపోయినా మైకుకు స్నానం తప్పదు" అనేది.

అలాంటి రోజుల్లో రోహిణి కార్తె ఎండల్లో లారీ ఒకటి, జీపు ఒకటి ఊళ్ళోకి వచ్చాయి. కెమెరాలు, లైట్ల కంటే ముందు మా కళ్ళకు కనబడినవి గుండిగలు. పాత సంత జాగాలో రాళ్ళ పొయ్యిలు పెట్టి అన్నం వండడం మొదలుపెట్టారు. ఉడికే బియ్యం వాసన వీధి మొదట్లోకి వచ్చేసరికి మా ఊరు మొత్తం పనులు వదిలేసి అక్కడికి చేరింది. ఎవరూ చెయ్యి చాపలేదు. ఊరికే నిలబడ్డారు. అంతమంది అలా మాట్లాడకుండా నిలబడడం చూసి మేనేజరు గారికి భయం వేసినట్టుంది. ఆయన కోస్తా వైపు మనిషి, లావుగా, ఎప్పుడూ చెమటలు కక్కుతూ ఉండేవాడు. "సీనులో నిలబడ్డ వాళ్ళందరికీ మధ్యాహ్నం మా దగ్గరే భోజనమండీ" అని కేకేశాడు. ఇంకేముంది, మంచం పట్టిన ముసలివాళ్ళు కూడా నటులైపోయారు. మా అమ్మకు ఆ వంటల దగ్గరే కూరలు తరిగే పని దొరికింది.

తొమ్మిది రోజులు అలా గడిచాయి. మిగిలింది ఒక్క పెద్ద సీను. కథలో ఊరివాళ్ళు సాయం బియ్యం కోసం ఒక ఉపాయం పన్నుతారు. పెద్ద ఆఫీసరు వచ్చే రోజున, ఆకలితో ఒకడు చచ్చిపోయాడని దొంగ శవయాత్ర తీస్తారు. పాడె మీద పడుకున్నవాడి కూతురికి మాత్రం అది దొంగ చావని తెలియదు. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించుతారు. మనలో చాలామందికి తెలిసిన ఆచారమే, శ్మశానానికి పోయే దారిలో పాడె కిందికి దించి, పోయినవాళ్ళ చెవి దగ్గర అయినవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఏమైనా ఉండి పలుకుతారేమోనని. కూతురు నిజంగా ఏడుస్తూ మూడోసారి పిలిచేసరికి తండ్రి తట్టుకోలేక లేచి కూర్చుంటాడు, దయ్యమనుకుని ఆఫీసరు పారిపోతాడు. ఇదీ సీను. ఆ తండ్రి వేషం కట్టాల్సిన నటుడు బెజవాడ నుంచి రానేలేదు. డైరెక్టరు గారు నాలుగు దిక్కులా చూసి మా నాయినను పట్టుకున్నాడు. "ఈ మొహం కరువు మొహం, దీనికి మేకప్ అక్కర్లేదు" అన్నాడు. కూతురి వేషానికి కూతుర్నే తీసుకుంటే పోతుందని నన్నూ పట్టుకున్నాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు.

అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "బతికున్న మనిషి పాడె మీద పండుకునుడు ఏంది? మనం క్రీస్తు బిడ్డలం, దింపుడు కళ్ళం మనకేంది? పైకెల్లి ఆ దేవుడు చూస్తలేడా?" అంది. నాయిన నవ్వి, "దేవుడు గూడ సీనిమా జూస్తడే, నవ్వుకుంటడు" అన్నాడు. అమ్మకు నవ్వు రాలేదు. "గీ ఎండల మట్టి మీద పండుకుంటె నిజంగనే పోతవ్, నామాట ఇను" అంది. అంతకుముందు ఏడు ఎండదెబ్బ తగిలి నాయిన రెండు రోజులు లేవలేదు. ఆ సంగతి యూనిట్ వాళ్ళకు తెలియనివ్వలేదు. తెలిస్తే వేషం ఇంకొకడికి పోతుందని భయం.

పాడె కట్టింది ముత్తయ్య మామ. మా పక్కింటి రైతు. చుట్టం కాదు గాని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మామే. ఊళ్ళో ఎవరు పోయినా, ఏ కులమైనా, ఏ మతమైనా, వెదుళ్ళు కొట్టడం, పాడె కట్టడం, ముందు మోయడం ఆయనే చూసుకునేవాడు. సినిమా పాడెను కూడా అంతే నియమంగా కట్టాడు. డైరెక్టరు గారు తాళ్ళు వదులుగా కట్టమంటే, "పాడె అంటే పాడె లెక్కనే ఉండాలె సారూ, ఊగితే పీనుగకు ఇజ్జత్ ఉండది" అని ఒప్పుకోలేదు. కాలి బొటనవేళ్ళు రెండూ దారంతో కట్టడం కూడా మరిచిపోలేదు.

మొదటి రోజు పొద్దున తొమ్మిది లోపే పాడె లేపారు. ఎండ నెత్తికెక్కితే నీడలు బాగుండవని కెమెరా ఆయన పది దాటనిచ్చేవాడు కాదు. ఊరంతా వెనక నడిచింది. మర్రిచెలక మలుపు దగ్గర పాడె దించారు. "ఇప్పుడు పిలువమ్మా పాపా, గట్టిగా, ఏడుస్తూ" అన్నాడు డైరెక్టరు గారు. నాకు ఏడుపు నటించాల్సిన పని లేకపోయింది. తెల్లగుడ్డ, పూలు, ముక్కులో దూది, నుదుటి మీద రూపాయి బిళ్ళ. నేను వంగి చెవి దగ్గర "నాయినా" అన్నాను. రెండోసారి అన్నాను. మూడోసారి పిలిచి లేస్తాడని చూశాను. లేవలేదు. ఇంకోసారి పిలిచాను. లేవలేదు. "నాయినా! నాయినా!" అని భుజాలు పట్టి ఊపితే తల అటూ ఇటూ ఊగింది. డైరెక్టరు గారు "కట్" అని అరిచిన తరువాత గాని ఆయన కన్ను తెరవలేదు. తెరిచి, "మాఫ్ చేయండి సారూ, నిద్ర పట్టింది" అన్నాడు. అందరూ గొల్లుమని నవ్వారు. నేను మాత్రం అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాను.

ఇంటికొచ్చాక అసలు సంగతి బయటపడింది. నాయిన నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు. "బిడ్డా, గా సీను అయిపోయిందనుకో, తెల్లారి లారీ పోతది. లారీ పోతే గుండిగలు పోతయి. ముత్తయ్య, నేను మాట్లాడుకున్నం. ఎన్ని దినాలు సీను చెడితే అన్ని దినాలు ఊరు అన్నం తింటది." నాకు కోపం వచ్చింది. "నువ్వు సచ్చిపోయినవనుకున్న నేను. కథల నాయిన మూడోసారికి లేస్తడు. నువ్వు ఇనుకుంట ఇనుకుంట పండుకున్నవ్" అన్నాను. ఆయన నవ్వుతున్నవాడు ఆగిపోయాడు. "నీకు ముందే చెప్తే నీ మొహంల తెలుస్తదని చెప్పలే. గలతీ అయింది. ఇగ నుంచి నేను బాగున్నట్టు నీకు తెలవాల్నంటే నువ్వు పిలిసినప్పుడల్ల కాలి బొటనవేళ్ళు ఆడిస్త. నీకు తప్ప ఎవలికి కనబడది. సరేనా?" అన్నాడు. సరేనన్నాను. సరేననక ఏం చేస్తాను, ఆ మధ్యాహ్నం నేను కూడా మూడుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను కదా.

రెండో రోజు పాడె మోసేవాళ్ళలో ఒకడికి కాలు మెలికపడింది. పడలేదు, పడేసుకున్నాడు. మూడో రోజు ఏడవాల్సిన ముసలమ్మ పకపకా నవ్వేసింది, మళ్ళీ తీస్తే ఎవరో మేకను తోలారు. నేను పిలిచినప్పుడల్లా గుడ్డ కింద నుంచి బయటికి కనబడే ఆ రెండు బొటనవేళ్ళు చిన్నగా కదిలేవి. ప్రాణం కుదుటపడేది. నిజం చెప్పొద్దూ, నాకూ సరదా పుట్టింది. మా ఊళ్ళో అంతమంది ఒక్క మాట మీద నిలబడడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఏడాదిగా గట్టు తగాదాతో మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు, మర్నాటి సీను ఎలా చెడగొట్టాలో చెట్టు కింద కూర్చుని కలిసి ఆలోచించారు.

మూడో రోజు సాయంత్రానికి మేనేజరు గారి మొహం మారిపోయింది. గుండిగల దగ్గర నిలబడి ఊరివాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు. "రేపు మధ్యాహ్నమైనా సరే, చీకటి పడినా సరే, ఈ సీను ఓకే అయ్యేదాకా పాడె అక్కణ్ణించి కదలదు. ఎల్లుండి మాత్రం మేము వెళ్ళిపోతాం." ముత్తయ్య మామ మా ఇంటికొచ్చి నాయినతో, "రేపొక్క దినం చెడగొడితే ఇంకో రెండు దినాలు ఉండక ఎటు పోతరు? అంత దూరం వచ్చి సీను లేకుంట పోతరా?" అన్నాడు. అమ్మ వాకిట్లో నిలబడి, "ముత్తన్నా, ఆయనకు ఎండ పడది. రేపు వద్దు" అంది. ముత్తయ్య మామ తల గోక్కున్నాడు. "పదింటికి ఆపుతరు చెల్లె, గట్లనే బెదిరిస్తరు" అన్నాడు. అక్కడే తప్పు లెక్క వేశాడు.

నాలుగో రోజు పదింటికి ఆపలేదు. పది దాటింది, పదకొండు దాటింది. ఒకసారి పాడె వంకరగా దించారు. ఒకసారి డప్పు ఆగిపోయింది. ఒకసారి వెనక నుంచి ఎవరో దగ్గారు. ప్రతిసారీ పాడెను మళ్ళీ మొదటికి మోసుకుపోవడం, మళ్ళీ రావడం. నాయిన పాడె మీదినుంచి లేవలేదు. మధ్యలో నీళ్ళిస్తానని చెంబు పట్టుకుని పోతే, "వద్దు బిడ్డా, ఒంటికి లేవాల్సొస్తది, కట్టు విప్పాలె" అన్నాడు. అప్పటికే ఆయన మాట ముద్దగా వస్తోంది. నేను గమనించాను. అమ్మకు చెప్పి వద్దామని చూశాను, అమ్మ సంత జాగాలో వంటల దగ్గర ఉంది, సినిమావాళ్ళు నన్ను కదలనివ్వలేదు. నేల కాలుతోంది. చెప్పులున్నవాళ్ళు కూడా కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నారు. గాలి అన్నది లేదు.

పన్నెండు దాటాక మళ్ళీ పాడె దించారు. డైరెక్టరు గారి గొంతు బొంగురుపోయింది. చెయ్యి ఊపాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు కాళ్ళ వైపు పెట్టి "నాయినా" అన్నాను. బొటనవేళ్ళు కదల్లేదు. వినబడలేదేమో అనుకున్నాను. "నాయినా" అని గట్టిగా అన్నాను. కదల్లేదు. తలెత్తి ముత్తయ్య మామను చూశాను. ఆయన కన్నుగీటాడు. కానియ్యమన్నట్టు తలాడించాడు. చుట్టూ చూశాను. మా ఊరివాళ్ళంతా నవ్వు ఆపుకుంటూ నిలబడ్డారు, దేవసహాయం భలే చేస్తున్నాడనుకుంటూ. నేను నాయిన మెడ మీద చెయ్యి వేశాను. పెనం మీద చెయ్యి పెట్టినట్టు కాలింది. అంత ఎండలో చుక్క చెమట లేదు. మూడోసారి పిలిచాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకు తెలియదు.

అప్పుడు నాకు రెండే దారులున్నాయి. పన్నెండేళ్ళ పిల్లనైనా అది నాకు బాగా తెలుసు. నోరు మూసుకుంటే, ఇది కూడా ఆయన వేషమేనని అందరూ ఇంకాసేపు నిలబడతారు. నోరు తెరిస్తే, ఊరి గుట్టు బయటపడుతుంది, గుండిగలు పోతాయి. నేను లేచి నిలబడి కెమెరా వైపు తిరిగి అరిచాను. "మా నాయినకు నిజంగనే అయింది! ఇన్ని దినాలు వీళ్ళు మీ అన్నం కోసం కావాల్నని చెడగొట్టిండ్రు! ఇయ్యాల గట్ల గాదు! నాయిన సచ్చిపోతుండు! ఎవలన్న లేపుండ్రి!" ఒక్కరూ కదల్లేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. డైరెక్టరు గారు చెయ్యెత్తి ఎవరినీ మాట్లాడొద్దన్నట్టు సైగ చేస్తున్నాడు, నేను బ్రహ్మాండంగా నటిస్తున్నానని ఆయన సంబరం. మొదట పరుగెత్తింది మేనేజరు గారు. అంత లావు మనిషి ఎలా దూకాడో, నాయిన చెంప తట్టి, కన్ను తెరిచి చూసి, తన చొక్కా విప్పి చెంబులో నీళ్ళతో తడిపి ఆయన ఛాతీ మీద వేసి, "జీపు! జీపు తీయండ్రా!" అని అరిచాడు. అప్పటికి గాని కన్నుగీటిన ముత్తయ్య మామ మొహం మారలేదు. కాళ్ళ కట్టు ఆయనే కొడవలితో కోశాడు, తొందరలో నాయిన కాలికి గీరుకుంది.

సంత జాగా దగ్గర అమ్మను కూడా ఎక్కించుకున్నారు. భద్రాచలం దవాఖానాకు చేరేదాకా అమ్మ జీపులో నాయిన తల ఒళ్ళో పెట్టుకుని పెదవులతోనే ప్రార్థన చేసుకుంటూ ఉంది. గోదావరి వంతెన మీద మేనేజరు గారు వెనక్కి తిరిగి నన్నడిగాడు, "పాపా, నువ్వక్కడ చెప్పింది నిజమేనా?" నేను అవ్ అన్నాను. ఆయన మళ్ళీ ముందుకు తిరిగి కూర్చున్నాడు. దవాఖానాలో నాయినకు రెండో రోజు తెల్లారి తెలివి వచ్చింది. డాక్టరు ఇంకో అరగంట ఆలస్యమైతే చేసేదేం లేదన్నాడు. అమ్మ ఆ మాట విని నా తల నిమిరింది.

మేము తిరిగి వచ్చేసరికి సంత జాగాలో నల్లబడ్డ రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ మధ్యాహ్నం తీసిందే చాలని వాళ్ళు మర్నాడే వెళ్ళిపోయారు. ఊరు మళ్ళీ ఇప్పపువ్వుకు వచ్చింది. నన్నెవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. బోరింగు దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. ముత్తయ్య మామ భార్య ఒక్కతే, నా వైపు చూడకుండా, "పిల్ల నోరు ఊరి నోట్లె మట్టి కొట్టింది" అంది. ముత్తయ్య మామ మాత్రం మా గడప తొక్కలేదు. నా మీద కోపమో, సిగ్గో నాకు తెలియలేదు. అసలు నన్ను తిన్నది నాయిన మౌనం. ఆయన మంచం మీద నుంచి లేచి తిరుగుతున్నాడు, తమ్ముడితో నవ్వుతున్నాడు, నాతో ఆ రోజు మాట ఎత్తడు. నేను చెప్పినందుకు కోపమా? ఊరి అన్నం నా వల్ల పోయిందనా? అడగడానికి నాకు ధైర్యం లేదు. నాకూ ఆయన మీద కోపం పోలేదు. మొదటిరోజు విని కూడా లేవకుండా పడుకున్న మనిషి, చివరిరోజు నా పిలుపు విన్నాడో లేదో ఎవరు చెప్తారు?

ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ చింతగింజలు దంచరు. రేషను బియ్యం వస్తాయి, తినలేక కోళ్ళకు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. సంత జాగాలో ఫంక్షన్ హాలు కట్టారు, మిగిలిన అన్నం దాని వెనక పారబోస్తుంటే చూశాను. మంచిదే, పిల్లలు ఆకలి ఎరగకుండా పెరగాలి. కాని ఆకలికి నాటకం ఆడిన ఊరి కథ చెబితే వాళ్ళు నమ్మరు, ఇదేదో సినిమాలా ఉంది అంటారు. సినిమాయే నాయనా, ఏం చెప్పను.

ఆ ఏడు వానలు పడ్డాయి. చలి మొదలయ్యేసరికి టాకీసు తెరిచారు. మా సినిమా వస్తోందని తెలిసింది. మైకు పని మళ్ళీ నాయినకే వచ్చింది. "మన ఊళ్ళో తీసిన చిత్రం, మన మనుషులు నటించిన చిత్రం" అని రిక్షా మీద ఊరూరా ఆయనే చెప్పాడు. తను నటించినట్టు మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఊరంతా పైకి సంబరపడుతోంది గాని లోపల ఒకటే బెదురు. కెమెరా ముందు ఏది మాట్లాడితే హాల్లో అదే వినబడుతుందని మా అందరి నమ్మకం. నేను అరిచిన అరుపు తెర మీద వస్తుంది. మణుగూరు, పాల్వంచ, ఖమ్మం, అన్ని ఊళ్ళ వాళ్ళూ వింటారు. అన్నం కోసం మోసం చేసిన ఊరని మా పేరు నిలిచిపోతుంది. పాడె మీద పడుకుని మోసం చేసినవాడని మా నాయిన పేరు నిలిచిపోతుంది. చెప్పింది అతని కూతురే అని నా పేరు. నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

మ్యాట్నీకి ఊరు మొత్తం పోయింది. బెంచీల మీద ముందు వరసలో ముత్తయ్య మామ, ఆయన వెనక నేను, నాయిన. అమ్మ రానంది. సినిమాలో జనం నవ్వే చోటల్లా పై ఊళ్ళ వాళ్ళే నవ్వుతున్నారు, మా వాళ్ళు బిగుసుకుని కూర్చున్నారు. పాడె సీను వచ్చింది. తెర మీద నేను వంగాను, పిలిచాను, పిలిచాను, పిలిచాను. లేచి నిలబడి ఇటు తిరిగాను. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నా గొంతు రాలేదు. ఎవరో బెజవాడ పిల్ల గొంతు, సన్నగా, ముద్దుగా వచ్చింది. "నాన్నా, లే నాన్నా! ఆఫీసరు గారు అన్నం వండించారు! వడియాలు కూడా వేయించారు నాన్నా!" హాలు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ముందు వరసలో ముత్తయ్య మామ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మా ఊరివాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. సినిమాల్లో గొంతులు తరువాత వేరేవాళ్ళతో పెట్టిస్తారని ఇప్పుడు చంటిపిల్లలకు కూడా తెలుసు. మాకు ఆ రోజు తెలిసింది.

కళ్ళు తెరిచేసరికి తెర మీద తెల్లగుడ్డ తోసుకుని ఒక మనిషి లేచి కూర్చుంటున్నాడు. వెనక నుంచి చూపించారు. అది మా నాయిన వీపు కాదు, మేము దవాఖానాలో ఉన్నప్పుడు ఇంకెవరినో పెట్టి తీసినట్టున్నారు. నేను పక్కకు తిరిగి చూశాను. అంత గోలలో నాయిన ఒక్కడే నవ్వడం లేదు. తెర వైపే చూస్తూ, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "ఆ లేసినోడు నేను గాదు బిడ్డా. కని నేను ఇన్న. నువ్వు మూడోసారి పిలిసింది ఇన్న, ఊరి సంగతి మొత్తుకున్నది గూడ ఇన్న. లేద్దామని శానా జూసిన. నా వశం కాలే."

నేను ఆయన భుజం మీద మొహం పెట్టి ఏడ్చాను. ముత్తయ్య మామ వెనక్కి తిరిగి చూసి, నవ్వి నవ్వి నాకు కళ్ళలో నీళ్ళు వస్తున్నాయనుకున్నాడు.